వెనక్కి పావు తిప్పు

రెండువేల ఇరవై ఒకటి చివర. నల్ల తామర పురుగు మొదటిసారి మా మిర్చి మీద పడి, పూతను పూతగానే రాల్చేస్తున్న రోజులు. సత్తెనపల్లిలో గుంటూరు రోడ్డు పక్కన మాకొక లేత్ షాపు ఉంది. నేను ఐటీఐ టర్నర్‌ని. అప్పటికి ఇనుము కోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు. మా అమ్మాయి నజ్మా మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది. చదువయ్యాక ఏదో పెద్ద కంపెనీకి పోతుందనుకుంటే, షాపులోనే ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. నాకు నోరెక్కువ, తనకు పట్టెక్కువ. ఇద్దరం ఒక కప్పు కింద పనిచేస్తామంటే మా ఆవిడే నమ్మలేదు.

మేం చేసేది మందు బండ్లు. వీపున డబ్బా మోసుకుంటూ మనిషి మందు కొట్టే బదులు, ఎత్తైన సన్న చక్రాల మీద సాళ్ళ మధ్య నడిచే బండి అన్నమాట. పైన ట్యాంకు, వెనక రెండు పక్కలా బారుగా చాచిన పైపులు. ఇందులో ముందు చక్రాలే బండిని లాగాలి, ముందు చక్రాలే పక్కకు తిరగాలి. ఒకే చక్రం ఈ రెండు పనులూ చెయ్యాలంటే సీవీ జాయింట్ కావాలి. చక్రం ఎటు తిరిగినా ఇంజన్ బలాన్ని ఆపకుండా అందించే కీలు అది. దాని చివర హబ్‌లోకి వెళ్తుంది. హబ్ అంటే చక్రాన్ని బోల్టులతో బిగించే గుండ్రటి దిమ్మ. బేరింగుల మీద తిరుగుతూ బండి బరువంతా మోసేది అదే.

మా మొదటి హబ్ జానెడు పొడుగుండేది. రెండు బేరింగులు ఎడంగా, వాటి లోపలివైపు జాయింట్. గట్టిదే, సందేహం లేదు. కానీ చక్రం పక్కకు పొడుచుకొచ్చి, గుబురుగా పెరిగిన మిర్చి మొక్కల రెమ్మల్ని ఫెళఫెళా విరిచేసేది. రోడ్డు మీద నిలబెట్టి చూసినప్పుడు మహా ముచ్చటగా ఉందనుకున్నాం. చేలో దిగాక తెలిసింది మా గొప్ప.

ఆ సంగతి మొహం మీద చెప్పింది సుశీలమ్మ. మా ఊరికి పది మైళ్ళలో, సాగర్ కాలువ కింద కౌలుకు మిర్చి వేస్తుంది. ఐదు కుటుంబాలు కలిసి మా బండి తీసుకున్నాయి. నడిపేది ఈమె. ఒకరోజు గోతాం సంచి పట్టుకుని షాపుకొచ్చి, లేత్ మిషను పక్కనే బోర్లించింది. అన్నీ పూతతో ఉన్న రెమ్మలు.

"చూడన్నా, ఇది పురుగు తిన్నది కాదు. నీ బండి తిన్నది. పక్క చేను వాళ్ళు గట్టు మీద పేర్చి మరీ చూపించారు నాకు. రేపట్నించి మా చేలో దిగొద్దంటున్నారు."

"మొక్కలు కాస్త ఎడంగా వేసుకోవచ్చుగా అమ్మా," అన్నాను. అనకూడని మాటే, అనేశాను.

"బండి కోసం చేను వేస్తామా, చేను కోసం బండి చేస్తావా?" అంది.

నజ్మా మూలలోంచి పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? పైగా సుశీలమ్మకు ఈ బండి ఊరికే సరదా కాదు. ఆమె భర్త యోహాను ఇరవై ఏళ్ళు వీపున డబ్బాతో మందు కొట్టిన మనిషి. అంతకు ముందు ఏడాది మందు కొడుతూ కొడుతూ సాలులోనే పడిపోయాడు. గుంటూరు ఆసుపత్రిలో వారం ఉంచి, ఇక మందు వాసన తగలకూడదని గట్టిగా చెప్పి పంపారు. బండి ఆగితే ఆ మనిషి మళ్ళీ డబ్బా ఎత్తుకుంటాడని ఆమె భయం.

ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్ళం హబ్ పొట్టి చేసే పనిలో పడ్డాం. చెప్పడం తేలికే. మంచం కోళ్ళు ఎడంగా ఉంటే కదలదు, దగ్గరగా జరిపితే ఊగుతుంది. బేరింగులూ అంతే. పొడుగు తగ్గించాలంటే వాటిని దగ్గరికి జరపాలి, జరిపితే చక్రం ఊగుతుంది. పొట్టిగానూ ఉండాలి, ఇంకా బిగువుగానూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎట్లా అని నేను చేతులెత్తేశాను.

నజ్మా వదల్లేదు. "పొడుగులో ఎడం దొరక్కపోతే చుట్టుకొలతలో తెచ్చుకుందాం నాన్నా," అంది. జాయింట్ చివర గిన్నెలా ఉండే భాగాన్ని బయట వదిలెయ్యకుండా హబ్ కడుపులోకే దూర్చింది. దాని చుట్టూ రెండు వరసల గుండ్లుండే వెడల్పాటి బేరింగ్ ఒక్కటే తొడిగింది. ఆ గుండ్లు ఒక వరస ఇటు, ఒక వరస అటు ఏటవాలుగా కాళ్ళు బారజాపి నిలబడినట్టు ఉంటాయి కాబట్టి చక్రం పక్కకు వాలదు. జానెడు హబ్ నాలుగు వేళ్ళకు వచ్చింది. సుశీలమ్మ ఆ బొమ్మ చూసి, "ఓహో, చుట్టకుదురులాగానా? ఎత్తుండక్కర్లేదు, వెడల్పుంటే చాలు, బిందె కదలదు," అంది. నజ్మా వారం రోజులు నాకు నచ్చజెప్పిన సంగతి ఆమెకు ఒక్క నిమిషంలో అర్థమైంది.

మొదటి జత తయారైంది. పాత హబ్‌ల చక్రం దిమ్మల్నే కోసి కొత్తవాటికి వాడాం. వెనక్కి వెళ్ళే దారి లేదని అప్పుడు ఆలోచించలేదు. బిగించే రోజు గురువారం. నజ్మా రెండో జత ఇనుము గట్టిపడేలా వేడి పట్టించే పని మీద గుంటూరు వెళ్తూ వెళ్తూ, "నడిమి నట్టు మాత్రం టార్క్ రెంచ్‌తోనే బిగించండి నాన్నా. ఎంతో డ్రాయింగ్ మీద రాశాను," అని చెప్పింది. టార్క్ రెంచ్ అంటే, ఎంత బిగువు కావాలో ముందే పెట్టుకుంటే అంత రాగానే టక్కుమని చెప్పే పానా.

"పో పోవే. నీకు ఊహ తెలియనప్పటి నుంచీ నట్లు బిగిస్తున్నాను. నా చెయ్యే టార్క్ రెంచ్," అన్నాను.

సుశీలమ్మ టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి చూస్తుండగా రెండు చక్రాలూ నేనే బిగించాను. నట్టు ఊడిపోకుండా కాటర్ పిన్ను వేసి, కొసలు వంచాను. రోడ్డు మీద రెండు చుట్లు తిప్పి చూస్తే బండి వెన్నలా నడిచింది. ఆమె దాన్ని తోలుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నజ్మా ముందు కాస్త మీసం కూడా తిప్పాను.

శుక్రవారం బాగానే నడిచిందట. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫోను.

"అన్నా, ఎడమ చక్రం తల ఊపుతుంది. మలుపులో ఒక్కసారిగా వాలిపోయింది. ట్యాంకు నిండా మందుంది. నేను దూకేశాను."

"దెబ్బ తగిలిందా తల్లీ?"

"మోచెయ్యి గీరుకుంది. నా సంగతి సరేలే, ముందు నువ్వు రా."

మోటారు సైకిలు మీద పరిగెత్తాను. చేను చివర గట్టు దగ్గర మందు బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. చక్రాన్ని పై అంచు పట్టుకుని లాగితే టక్కుమని అరంగుళం కదిలింది. ఇంకో మలుపు తిరిగి ఉంటే చక్రం పోయేది, ట్యాంకు ఆమె మీద పడేది. సుశీలమ్మ మోచేతికి గుడ్డ చుట్టుకుని నిలబడింది.

వెనక పాకలో నీళ్ళ చప్పుడైంది. చూస్తే యోహాను నీలం రంగు వీపు డబ్బా కడుగుతున్నాడు.

"ఏం పని యోహానూ అది?" అన్నాను.

అతను లేచి, దగ్గర్లో ఉన్న మొక్క నుంచి ఒక పువ్వు తెంపి నా అరచేతిలో దులిపాడు. నల్లటి చుక్కలు ఏడెనిమిది, బిలబిలా పాకాయి. "చూశావుగా మస్తానూ. ఇంకో రెండ్రోజులాగితే ఈ చేలో పూత ఉండదు. ఐదిళ్ళ వాళ్ళూ మా మొహమే చూస్తున్నారు. ఎవరో ఒకరు కొట్టాలిగా. రేపు ప్రార్థన కాంగానే మొదలుపెడతా."

"కొట్టు, కొట్టు," అంది సుశీలమ్మ. "ముందు నన్ను పాతిపెట్టి, ఆ తర్వాత కొట్టుకో."

యోహాను తల దించుకున్నాడు కానీ డబ్బా మాత్రం వదల్లేదు. నేను ఆ ఇద్దరి మధ్యా నిలబడలేక, పక్కకెళ్ళి నజ్మాకు ఫోన్ చేశాను. భయమంతా కోపమైంది. "నీ కంప్యూటర్ బొమ్మ కొంప ముంచింది. జానెడు హబ్‌ను నాలుగు వేళ్ళు చేస్తే నిలబడదని మొదటే మొత్తుకున్నాను. ఒక మనిషి ప్రాణం పోయేది తెలుసా? చదువుకున్నామని మిడిసిపడటం కాదు," అని నోటికొచ్చినట్టు అరిచాను. "వస్తున్నా నాన్నా. దేన్నీ విప్పకండి," అని పెట్టేసింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకు తెలుసు. అప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

గంటన్నరలో స్కూటీ మీద వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సుశీలమ్మ మోచెయ్యి చూసి, తన దగ్గరున్న మందు రాసి కట్టు కట్టి, ఆ తర్వాతే బండి దగ్గర కూర్చుంది. డయల్ గేజ్ పెట్టి కదలిక కొలిచింది. వెంట్రుక వాసి తేడానైనా ముల్లుతో చూపించే గడియారంలాంటి పరికరం అది. ఎడమ చక్రం సరే, కుడి చక్రం దగ్గర కూడా ముల్లు కదిలింది. దాంతో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"రెండూ ఒకేలా పోతున్నాయంటే ఇది విరగడం కాదు. నట్టు ఎవరు బిగించారు?"

"ఇంకెవరు? నేనే."

"రెంచ్‌తోనేనా?"

"చేత్తో. ఫుల్‌గా బిగించా. నా బరువంతా వేశా."

సుశీలమ్మ వెనక నుంచి అంది. "అవునమ్మా, బాగా బిగించాడు. బిగించి, మళ్ళీ కొంచెం వదిలాడు."

"నేనా? వదల్లేదు," అన్నాను.

"వదిలావన్నా. రెండు చక్రాలకీ వదిలావు. నేను టీ తాగుతా చూస్తానే ఉన్నా. గట్టిగా బిగించినోడు మళ్ళీ ఎందుకు వదుల్తున్నాడబ్బా అనుకున్నా. పనోడివి నీకు తెలీదా అని ఊరుకున్నా."

"సుశీలమ్మా, నేను చెయ్యని పని చేశానంటే ఊరుకోను," అని లేచాను. నిజంగానే నాకు గుర్తు లేదు. ప్రమాణం చెయ్యమన్నా చేసేవాణ్ణి.

నజ్మా ఎడమ హబ్ విప్పింది. బేరింగ్ లోపల గుండ్లు నడిచే దారి ఒక పక్క గరుకుగా లేచిపోయింది. తెచ్చిన కొత్త బేరింగ్ అందులో వేసి, అన్నీ కూర్చి, మామూలు పొడుగు పానా నా చేతికిచ్చింది.

"మీరే బిగించండి నాన్నా. మొన్న ఎలా బిగించారో అలాగే."

సరే, చూడండి అందరూ అన్నట్టు ముందుకెళ్ళాను. పానా తగిలించి నా బరువంతా వేసి బిగించాను. ఇక కదలదు అనిపించేదాకా బిగించాను. ఆ వెంటనే, ముగ్గురు మనుషులు కళ్ళార్పకుండా చూస్తుండగా, నా చెయ్యి పానాను వెనక్కి పావు తిప్పు తిప్పింది.

"అదిగో! అదే!" సుశీలమ్మ చప్పట్లు కొట్టి అరిచింది.

నేను పానా వంక చూశాను, చేతి వంక చూశాను.

ఇందులో కిటుకు చెప్పాలి. ట్రాక్టరు ముందు చక్రాల్లో, మా పాత హబ్‌లో ఉండేవి కోసుగా ఉండే రోలర్ బేరింగులు. వాటిని పూర్తిగా బిగించి వదిలేస్తే వేడెక్కి పట్టేస్తాయి. అందుకే బాగా బిగించాక వెనక్కి పావు తిప్పు వదలాలి. మా గురువు నాకు మొట్టమొదట నేర్పిన పాఠం అదే. 'బిగించడం పశువుకైనా వచ్చు, వదలడం తెలిసినోడే మేస్త్రీ' అని నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. నజ్మా వేసిన కొత్త బేరింగ్‌లో లోపలి చుట్టు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెంటినీ ఒకదానికొకటి నొక్కి పట్టేది ఆ నడిమి నట్టే. దాన్ని ఒక్క పిసరు వదిలినా ముక్కలు ఎడమవుతాయి, చక్రం ఊగుతుంది. పాత హబ్‌ను కాపాడిన పావు తిప్పే కొత్త హబ్‌ను తినేసింది. డ్రాయింగ్ చదివింది నా కళ్ళు. నట్టు బిగించింది నా చెయ్యి. దానికి చదువు రాదు.

"నాన్నా," అంది నజ్మా మెల్లగా. "నా బొమ్మ బాగానే ఉందా?"

పొద్దున నేను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తల కొట్టేసినట్టయింది. "నీ బొమ్మ బంగారం తల్లీ. తప్పు నాదే. అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు," అన్నాను. పరాయి వాళ్ళ ముందు నా కూతుర్ని అట్లా మన్నించమని అడగడం అదే మొదలు. తను కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మీ చెయ్యే టార్క్ రెంచ్ కదా, కాకపోతే వెనక్కి తిరుగుద్ది," అంది. యోహాను దగ్గు వచ్చేదాకా నవ్వాడు. సుశీలమ్మ మాత్రం, "పుట్టుకతో వచ్చిన బుద్ధి అన్నారు గానీ, పనితో వచ్చిన బుద్ధి కూడా అంత తేలిగ్గా పోదన్నా," అని నన్ను ఓదార్చిందో, ఎత్తిపొడిచిందో తెలియకుండా అంది.

సిగ్గుపడలేదా అంటే పడ్డాను. కానీ అంతకు పదింతలు హాయి అనిపించింది. హమ్మయ్య! బొమ్మ తప్పయితే మళ్ళీ మొదటి నుంచి, ఎన్ని నెలలో. ఈలోపు పూత పోయేది, డబ్బా యోహాను వీపెక్కేది. తప్పు నా చేతిలో ఉంది కాబట్టి పావు తిప్పుతో పోయింది.

నజ్మా టార్క్ రెంచ్ తగిలించింది. టక్కుమంది. గేజ్ ముల్లు చచ్చినట్టు ఒక్కచోటే నిలబడింది. కుడి పక్క బేరింగ్ ఇంకా పాడవలేదు, దాన్ని కూడా అట్లాగే బిగించింది. సుశీలమ్మ బండి ఎక్కబోతే నేను అడ్డం పడ్డాను. ట్యాంకు నిండుగా పెట్టుకుని ముందు నేనే నాలుగు సాళ్ళు తిప్పాను. ఏ మలుపులో అది వాలిపోయిందో అదే మలుపులో, కావాలని చక్రాలు పూర్తిగా తిప్పి మూడుసార్లు తిరిగాను. చక్రం ఉలకలేదు, పలకలేదు. దిగి సాలు పొడుగునా నడుస్తూ చూస్తే విరిగిన రెమ్మ ఒక్కటి కనపడలేదు. అప్పుడు ఇచ్చాను ఆమెకు బండి.

ఎండ వాలాక మొదలుపెట్టి పొద్దుగూకే లోపు తమ చేనూ, పక్క చేనూ కొట్టేసింది. మొన్న రెమ్మలు పేర్చిన పక్క చేను ఆసామి గట్టు మీద నిలబడి, "ఏం సుశీలమ్మా, ఇవాళ బండి ఉపవాసమా?" అని అరిచాడు. గాలి వచ్చే వైపున, మందు వాసన రానంత దూరంలో యోహాను మంచం వేసుకుని కూర్చుని చూశాడు. ఆ ఏడాది చాలా చేలు పురుగుకు బలైపోయాయి. వాళ్ళకూ దెబ్బ తగలకపోలేదు. కానీ ఆ ఐదిళ్ళ వాళ్ళూ కాయ కోశారు.

ఆ తర్వాత మేం ఆ హబ్‌తో చాలా బండ్లు చేశాం. ఇప్పటికీ నడిమి నట్టు దగ్గరికి వచ్చేసరికి నేను బండి కొన్నవాళ్ళను పక్కన నిలబెట్టి, "నా చెయ్యి వెనక్కి తిరిగితే అరవండి," అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. కొత్తది కనిపెట్టినప్పుడు దాన్ని మెదడుకు చెబితే సరిపోదనీ, పాతది బాగా వచ్చిన చేతికి ఇంకా జాగ్రత్తగా చెప్పాలనీ నాకు నేర్పింది ఆ శనివారమే. పక్కనున్నవాళ్ళు 'మేస్త్రీకి తెలీదా' అని ఊరుకోకుండా అడిగేలా చెయ్యడం కూడా మన పనేనని అప్పుడే తెలిసింది.

ఆ సోమవారం సుశీలమ్మ షాపుకొచ్చింది. చేతిలో నీలం రంగు డబ్బా. శుభ్రంగా కడిగి, బెల్టులు చుట్టి కట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచన్నా," అంది.

"నాకెందుకమ్మా ఇది?"

"మా ఇంట్లో ఉంటే ఆయన చెయ్యి ఊరుకోదు. నువ్వే చూశావుగా, చెయ్యి ఎట్లాంటిదో."

టార్క్ రెంచ్ తగిలించే మేకు పక్కనే ఇంకో మేకు కొట్టాను. డబ్బా ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.